చింతయు కృతజ్ఞతయు

మా వేప్పనపల్లి ప్రాంతమున చింతచెట్లకు కొదువ లేదు. మనసులోని చింతలకును కొదువ లేదు. తమిళనాడు, కర్ణాటకము, ఆంధ్రప్రదేశము ఒండొంటిని తాకు ఈ మూలలో వానను నమ్ముకొన్న మెట్టసేద్యమే ఎక్కువ. రాగులు చల్లినవాడు ఆకాశము వైపు చూచును. మామిడి పూత పట్టినది మొదలు తోటవాడు గాలికి జంకుచుండును. కొడుకు హోసూరు కర్మాగారములో చేరినచో ఆ కొలువు నిలుచునో నిలువదో యని తల్లికి బెంగ. ఇవి అందరికిని ఉన్న చింతలే. తెలుగువారమైన మనకు వీనిపై మరియొకటి కలదు. 2006లో వచ్చిన చట్టముచే ఈ రాష్ట్రపు పాఠశాలలలో తమిళము దశలవారీగా నిర్బంధ పాఠ్యాంశమైన పిమ్మట, మన మనుమలు తెలుగు మాటాడుదురే గాని చదువగలరా యను దిగులు అనేక గృహములలో నెలకొన్నది.

నేను క్రైస్తవ కుటుంబమున పుట్టి పెరిగినవాడను. ఈ సంచికను చదువువారిలో అన్ని మతములవారును ఉందురు. చింత యందరిదియు గనుక, దానికి మా యింట చెప్పిన మందును సోదరభావముతో ఇచట మనవి చేయుచున్నాను.

అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రికలో, నాలుగవ అధ్యాయమున, చింతను గూర్చి యొక హెచ్చరిక కలదు. దేనిని గూర్చియు చింతింపక, కావలసినదానిని దేవునికి విన్నవించుకొనుడని అతని బోధ. అంతటితో ఆగినచో అది సామాన్యమైన ఓదార్పు మాటయే యగును. కాని ఆ విన్నపముతో కూడ కృతజ్ఞతను చేర్చవలెనని అతడనెను. అడిగినది చేతికి వచ్చిన పిమ్మట కాదు, అడుగుచున్న ఆ క్షణముననే. ఈ మాట వ్రాసినవాడు సుఖాసనమున కూర్చున్నవాడు కాడు. బంధకములలో నుండి, తనకు మరణమో విడుదలయో యెరుగని స్థితిలో వ్రాసినవాడు. అందుచేతనే ఈ మాటకు బరువు.

కృతజ్ఞత యను పదమును విడదీసి చూచినచో దాని లోతు తెలియును. కృతము అనగా చేయబడినది. దానిని ఎరిగినవాడు కృతజ్ఞుడు. చింత యెల్లప్పుడును ఇంకను జరుగనిదానినే లెక్కించుచుండును. వాన రాకున్న ఏమగును, కొలువు పోయిన ఏమగును, భాష పోయిన ఏమగును అని దాని పద్దులన్నియు రేపటివే. కృతజ్ఞత జరిగినదానిని జ్ఞాపకము చేసికొనును. రెండును లెక్కలే, కాని మొదటి లెక్క ఊహ మీద నిలుచును, రెండవది అనుభవము మీద నిలుచును.

మా అవ్వ యీ శాస్త్రమేమియు చదువలేదు. ప్రతి దినము సంగటికి పిండి తీయునప్పుడు పిడికెడు ప్రత్యేకించి ఒక కుండలో వేయుచుండెను. ఆదివారమున అది దేవుని సన్నిధికి పోవును. అచట నుండి ఎవరో లేనివారి ఇంటికి చేరును. ఒక ఏడు వాన పూర్తిగా తప్పినది. ఇంట గింజలు అడుగంటినవి. ఈ నెల మానరాదా అవ్వా యని నేనడిగితిని. "వానొచ్చినాక పెడదామంటే అది బేరమైపోతాదప్పా. ఇన్నాళ్లూ తిన్నాము గదా, దానికి ఇది" అని ఆమె బదులు చెప్పెను. ఆ రాత్రియు ఆమె నిద్ర పట్టక వసారాలో కూర్చుండి యుండుట నేను చూచితిని. చింత లేకుండుట వలన ఆమె ఆ పిడికెడు తీయలేదు. చింత యున్నను తీసెను.

ఇచట ఒక ప్రశ్న పుట్టును. పంట యెండిన రైతును కృతజ్ఞుడవై యుండుమనుట అతని దుఃఖమును ఎగతాళి చేయుట కాదా? నిజమే. కరవు కొరకు స్తోత్రము చెప్పుమని యెవరును కోరరాదు. బైబిలులో హబక్కూకు ప్రవక్త, అంజూరపు చెట్టు పూయకపోయినను, చేను పైరు పండకపోయినను, కొట్టములో పశువులు లేకపోయినను దేవునియందు ఆనందింతునని చెప్పుటకు ముందు, ఆ నష్టములన్నింటిని ఒక్కొక్కటిగా పేర్కొనెను. ఏమియు పోలేదని అతడు నటింపలేదు. పోయినదానిని పోయినదనియే చెప్పి, పోనిదానిని గుర్తించెను.

ఇందుకు తెలుగునాట ఒక చరిత్ర కలదు. 1876–78 నాటి మహాక్షామము మన ప్రాంతమును గూడ దహించెను. అప్పుడు కృష్ణగిరి, హోసూరు తాలూకాలు సేలం జిల్లాలోనివి. అదే కరవున ఒంగోలులో నుండిన జాన్ క్లౌ అను మిషనరీ, ప్రార్థనతో సరిపుచ్చుకొనక, బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొన్ని మైళ్ల పనిని గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలాది జనులకు కూలి కల్పించెను. ఆ దినములలో బాప్తిస్మము కోరి వచ్చిన వారిని ఆయన చేర్చుకొనలేదు. కూటి కొరకు వచ్చిరను మాట రాకూడదని ఏడాదికి పైగా నిలిపి వేసెను. సహాయపు పనులు ముగిసిన పిమ్మటను వారు మరల వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కూలి దొరకుచున్నప్పుడు చెప్పు స్తోత్రము వేరు. కూలి ఆగిన పిదపను నిలిచిన స్తోత్రము వేరు. కృతజ్ఞత బేరము కాదని మా అవ్వ యన్న మాట అచట పెద్ద యెత్తున రుజువైనది.

ఇక భాషను గూర్చిన చింత. దీనికిని అదే మందు పనికివచ్చునా? వచ్చుననియే నా నమ్మకము. మనకు జరిగిన మేలును ఎరుగుదము. బైబిలును తెలుగు చేయు పని ఆంధ్రదేశమున గాక మద్రాసు పట్టణమున మొదలైనది. 1720ల దశకమున బెంజమిన్ షుల్జ్ అను జర్మనుడు తెలుగు నేర్చి ఆ పనికి పూనుకొనెను. తిరునెల్వేలి ప్రాంతమున 1874లో జన్మించిన తమిళుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య తెలుగు నేర్చి, 1912లో దోర్నకల్లు బిషప్పై, ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయుడయ్యెను. 1945లో కన్నుమూయువరకు ఆయన తెలుగు పల్లెలకే తన జీవితము ధారపోసెను. నిరుపేద సంఘములకు సయితము ఇచ్చుటయందలి ఆనందమును ఆయన బోధించెను.

పరాయివారని మనమనుకొనువారే మన భాషను ఇంతగా ప్రేమించి నేర్చిరని తెలిసినప్పుడు, ఇరుగుపొరుగు తమిళులపై మనసులో ద్వేషమునకు చోటుండదు. తమిళమును మన పిల్లలు చక్కగా నేర్తురు గాక. అది వారికి అన్నము పెట్టు భాష. కాని అంత శ్రమచే మనకందిన అక్షరములను మనము నేర్పకుండుట కృతజ్ఞతకు తగదు. హక్కుల కొరకు న్యాయస్థానమునకు పోవువారు పోవలసినదే. వారికి మన వందనములు. అయితే ఏ చట్టమును ఆపజాలని పాఠశాల యొకటి మన యింటనే కలదు.

రాత్రి భోజనమైన పిమ్మట పిల్లలను కూర్చుండబెట్టుకొని, ఒక పుట తెలుగు చదివింతము. క్రైస్తవులైనచో వాక్యము, ఇతరులైనచో తమకు పూజ్యమైన గ్రంథము. చదువు ముగించి, ఆ దినమున పొందిన మేలులలో ఒక్కదానిని ప్రతివారును పేరుపెట్టి చెప్పవలెను. తదుపరి రేపటి అవసరములను దేవునికి విన్నవించుకొనవచ్చును. వాన సంగతియు, కొలువు సంగతియు, భాష సంగతియు అందు రావచ్చును. మొదట జరిగిన మేలు, తరువాత కావలసిన మేలు: ఈ వరుస తప్పకుండవలెనని మాత్రము నా విన్నపము.