గడియారం చూపిన చలి

జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా మామూజాన్ కుమారుడు సెలవులకు డొంకరాయి వచ్చినప్పుడు మాకొక రేడియో గడియారం కానుకగా తెచ్చారు. అది తనంతట తానే సమయం దిద్దుకుంటుందనీ, ఆరుబయట ఉంచే చిన్న డబ్బా నుండి ఉష్ణోగ్రతను తీగ లేకుండానే అందుకుంటుందనీ చెప్పారు. నమాజు వేళలకు ఇక తడబాటు ఉండదని మేము సంతోషించాము.

రెండు రాత్రులు కిటికీలో ఉంచినా గడియారం సమయం దిద్దుకోలేదు. అది ఆలకించేది ఫ్రాంక్‌ఫర్ట్ సమీపంలోని మైన్‌ఫ్లింగెన్ నుండి 77.5 కిలోహెర్ట్జ్‌పై వెలువడే సంకేతాన్ని. దాని పరిధి సుమారు 2,000 కిలోమీటర్లే. సీలేరు లోయకు అదెలా చేరుతుంది? చేరినా, ఆ గడియారంలో గంటల తేడాను మార్చే వీలుంది గాని, మన దేశపు అదనపు అరగంటకు చోటు లేదు. చివరకు ఫోను చూసి చేతితోనే సమయం దిద్దాము.

ఉష్ణమాపకం మాత్రం మొదటి రోజే పనిచేసింది. దాని డబ్బాను పెరట్లో నీళ్ల తొట్టి పైన, చూరుకు కట్టాము. జనవరిలో ఒకనాడు ఫజ్ర్ వేళ తెరపై 11 డిగ్రీలు కనిపించింది. అప్పుడే తొట్టి వద్ద చెంబు చప్పుడు వినిపించింది. అమ్మీజాన్ వజూ చేసుకుంటున్నారు. ఏళ్ల తరబడి మేము ఆ చప్పుడుకే మేల్కొన్నాము. ఆ నీటి చలిని ఏనాడూ తలచుకోలేదు.

“ఇంత చలిలో చన్నీళ్లా అమ్మీజాన్? ఒక్కనాడైనా చెప్పలేదేమి?” అని అడిగాము.

“మీ నిద్ర చెడుతుందని,” అన్నారామె.

మరునాటి నుండి మేము అరగంట ముందుగా లేచి పొయ్యిపై నీళ్లు పెడుతున్నాము. తల్లి కష్టం తెలుసుకోవడానికి మాకొక యంత్రం కావలసి వచ్చిందే అన్న సిగ్గు మాత్రం ఇంకా తీరలేదు. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక!