నిరీశ్వరుని తర్పణం

నాగావళీ తీరాన, శ్రీకాకుళంలో, ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నివసిస్తున్నారు. నిత్యం ఉషఃకాలంలో నదీస్నానం చేసి ఉదయభానునికి నమస్కరిస్తారు. అకారణంగా చెట్టుకొమ్మను విరవనివ్వరు. అయితే జగత్తును సృష్టించిన ఈశ్వరుడొకడు ఉన్నాడని అంగీకరించరు. బంధువులు ఆయనను నాస్తికుడంటారు. హేతువాద మిత్రులు "నాస్తికునికి నమస్కారమెందుకు?" అని పరిహసిస్తారు. 2011 జనగణనలో మతమేదని అడిగినప్పుడు ఆయన వెంటనే బదులు చెప్పలేకపోయారు.

తండ్రి ఆబ్దికం సమీపించినప్పుడు ఈ నామసమస్య ధర్మసంకటమైంది. సంకల్పంలో 'పరమేశ్వర ప్రీత్యర్థం' అనాలి. నమ్మని మాట పలికి తిలోదకాలు విడిస్తే అది తండ్రిపట్ల వంచన కాదా? ఒక వృద్ధ పండితుని ఆశ్రయించి ఇదే అడిగారు.

పండితుడు శబ్దార్థంతో ఆరంభించారు. మనుస్మృతి నాస్తికుడన్నది వేదనిందకుని; ఈశ్వరుని ఒప్పుకోనివానిని కాదు. సాంఖ్యకారిక 25 తత్త్వాలతో జగత్తును వివరించింది. వాటిలో ఈశ్వరుడు లేడు. అయినా సాంఖ్యం ఆస్తిక దర్శనమే. కుమారిలభట్టు శ్లోకవార్తికంలో సృష్టికర్తృవాదాన్ని ఖండించారు. వేదకర్మకు ఆయనను మించిన సమర్థకులు అరుదు. మీమాంసకుల మతంలో కర్మ 'అపూర్వం' ద్వారా ఫలిస్తుంది. ఫలదాతగా ఈశ్వరుడు అనివార్యం కాదు. కనుక నిరీశ్వరుడు, నాస్తికుడు పర్యాయపదాలు కావు.

ఉపాధ్యాయుడు నిజాయితీగా అన్నారు: "నాకు వేదప్రామాణ్యంపైనా పూర్ణవిశ్వాసం లేదండీ. సాంఖ్యుల పురుషుడూ లేడు. నాకున్నది ప్రకృతి ఒక్కటే. ఈ పేర్లేవీ నాకు చెందవు."

పండితుడు కొంతసేపు మౌనం వహించి, సీతంపేట మన్యంలోని సవరలను ప్రస్తావించారు. వారు నిరీశ్వరులు కారు; వారికి దేవతలున్నారు, పితరులున్నారు. కొత్తపంటను కొత్తల పండుగలో నివేదించనిదే భుజించరు. ఇట్టి గిరిజనులను బ్రిటిషు కాలపు జనగణనలు 'ఆనిమిస్టులు' అన్నాయి. 2011లో 'ఇతర మతాలు, విశ్వాసాలు' అనే వర్గంలో దేశవ్యాప్తంగా సుమారు 79 లక్షల మంది లెక్కకు వచ్చారు. వారిలో 49 లక్షలకు పైగా తమది 'సర్నా' అని చెప్పినవారే. "పేరు కోసం అడగడం తప్పు కాదు నాయనా. కానీ పేరు దొరికేవరకు ఏ సవరా కొత్తల పండుగను ఆపలేదు. శ్రాద్ధమనే పదానికి మూలం శ్రద్ధ. అది మీకుందా, లేదా?"

ఉపాధ్యాయుడు బదులు చెప్పలేదు. కళ్లు చెమర్చాయి.

ఆబ్దికం నాడు సంకల్పం సాగింది. 'పరమేశ్వర ప్రీత్యర్థం' వద్ద ఆయన పెదవి కదపలేదు. పండితుడు గద్దించలేదు, ఆ మాటను తానే పలికి ముందుకు సాగారు. గోత్రం, తండ్రి పేరు మాత్రం ఉపాధ్యాయుడు స్పష్టంగా ఉచ్చరించి, నువ్వులతో కూడిన నీటిని విడిచారు.

మళ్లీ జనగణన వస్తుంది. మతమేదని అడిగితే ఏమి చెప్పాలో ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్పణంలో మాత్రం అసత్యం లేదు.