గేటుకు అవతల

కష్టకాలంలోనే మనిషి స్వరూపం బయటపడుతుందని పెద్దలంటారు. మా స్వరూపం మాకు తెలిసివచ్చింది 1994 సెప్టెంబరులో, సూరత్ నగరంలో. ఉద్యోగరీత్యా అప్పటికి రెండేళ్ళ క్రితమే అక్కడికి బదిలీ అయి వచ్చాము. తపతీ నది దాటి హజీరా వైపు వెళ్ళే దారిలో మా కాలనీ. చుట్టూ ప్రహరీగోడ, లోపల పూలమొక్కలు, కుళాయి తిప్పితే మంచినీరు. నగరంతో మా సంబంధం ఆదివారపు బజారు వరకే.

అటువంటి ఒక ఆదివారం లింబాయత్ ప్రాంతంలో తెలుగు మాట చెవిన పడి ఆగిపోయాము. కరీంనగర్, వరంగల్లు, నల్గొండ జిల్లాల పద్మశాలీలు ఎందరో భీవండీకి, షోలాపూరుకు వెళ్ళినట్లే మరమగ్గాల పనికి సూరతుకూ వలస వచ్చారు. తెలుగు మాధ్యమంలో నగరపాలక సంస్థ బడులు నడుపుతున్నదంటే వారి సంఖ్యను ఊహించుకోవచ్చును. ఆనాడు పరిచయమైన వరంగల్లు వైపు నేత కార్మికుడు పన్నెండు గంటల షిఫ్టు చేసేవాడు. భార్య, ఇద్దరు పిల్లలు, ఒకే గది. సంక్రాంతికి సకినాలు మూటగట్టుకుని, రెండు బస్సులు మారి మా ఇంటికి వచ్చేవాడు. మా అమ్మాయికి, అతని పాపకు ఒకటే వయస్సు.

ఆ ఏడు వానలు విపరీతం. తపతి పొంగి పల్లపు ప్రాంతాలు మునిగాయి. నీరు తీసిన తరువాత చెత్త, చచ్చిన పశువులు మిగిలాయి. వినాయక నిమజ్జనం ముగిసిన రెండు మూడు రోజులకే వేడ్ రోడ్డు వైపు జ్వరం, దగ్గు, రక్తం కక్కుకుని మరణాలు. మొదట మంచినీటిలో విషం కలిసిందన్నారు. తరువాత ప్లేగు అన్నారు. అంతకు కొద్ది వారాల ముందే మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో బొబ్బల ప్లేగు కనిపించింది. ఇది ఊపిరితిత్తులకు సోకేది, దగ్గుతో మనిషి నుంచి మనిషికి పాకేది. 1991 లెక్కల ప్రకారం పదిహేను లక్షల జనాభా ఉన్న నగరం నుంచి కొద్ది రోజులలో లక్షలాది మంది వెళ్ళిపోయారు. కొందరు ప్రైవేటు వైద్యులూ తాళాలు వేసుకున్నారు. సివిల్ ఆసుపత్రిలో డాక్టర్లు, నర్సులు, వీధులలో సఫాయి కార్మికులు మాత్రం నిలబడ్డారు. చివరకు చనిపోయినవారు యాభై మందికి కొంచెం అటూ ఇటూ. భయం లెక్క వేరు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం గేటు దగ్గరి కాపలాదారు ఫోను చేశాడు. మీ మనుషులట, నలుగురు వచ్చారన్నాడు. వెళ్ళి చూస్తే అతడే. స్టేషనులో రెండు రోజులు పడిగాపులు పడినా రైలులో కాలు పెట్టే చోటు దొరకలేదు. మేము ముక్కుకు రుమాళ్ళు కట్టుకుని పది గజాల దూరంలో ఆగాము.

"సారూ, నేను ఎట్లనన్న ఉంట. పిల్లలను, వాళ్ళ అమ్మను రెండు రోజులు మీ ఇంట్ల ఉండనియ్యుండ్రి" అన్నాడు.

బయటివారిని రానివ్వరాదని కాలనీలో నియమం పెట్టిన మాట నిజం. ఆ నియమం గురించి ఎవరినీ ఒక్క మాట అడిగి చూడలేదన్నదీ నిజమే. అడిగితే ఒప్పుకుంటారేమోనని భయపడ్డాము కూడా. అంత నీచంగా ఆలోచించగలమని అంతవరకు మాకు తెలియదు. దాచి ఉంచుకున్న టెట్రాసైక్లిన్ మాత్రలలో కొన్ని, కొంత డబ్బు ఒక కవరులో పెట్టి కాపలాదారు చేత పంపాము. మా అమ్మాయిని చూసి అతని పాప పరుగున రాబోయింది. అతడే భుజం పట్టి ఆపాడు. "వద్దు బిడ్డా, దూరం నుంచే మాట్లాడు."

ఆ రాత్రి మా ఇంట్లో ఎవరమూ సరిగా భోంచేయలేదు.

ఆ మాత్రల గురించి ఒక మాట. నగరంలో మందుల దుకాణాలన్నీ ఖాళీ అయింది వీటి కోసమే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న కాలంలో, ఆయన సహచరుడు డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ జాతి మందులకు అదే పెద్దబిడ్డ. వేళకు వేస్తే ప్లేగు లొంగుతుంది.

అక్టోబరులో దసరా సెలవులకు కృష్ణా జిల్లాలోని మా ఊరు వెళ్ళాము. సూరత్ నుంచి వచ్చామన్న వార్త మాకంటే ముందే చేరింది. మా పెట్టెలు గొడ్ల చావడిలో పెట్టించారు. విస్తళ్ళలో వడ్డించి, తిన్నాక వాటిని దూరంగా తగలబెట్టారు. పొరుగింటి పిల్లలను మా వైపు రానివ్వలేదు. అన్నయ్య మా ముఖంలోకి చూడకుండానే "ఏమీ అనుకోకండిరా, వీళ్ళ నోళ్ళు మూయలేం" అన్నాడు. ఏమనుకోగలం? ఆ మాటలు ఎలా పుడతాయో మాకు తెలుసు.

మూడవ రోజున మేనత్త కర్ర పోటు వేసుకుంటూ వచ్చి, మా మంచం మీదనే చతికిలబడింది. మా అమ్మాయిని ఒడిలోకి లాక్కుని జడ విప్పి, నూనె రాసి, మళ్ళీ అల్లింది. "నాకు డెబ్బై ఆరేళ్ళు. నాకేమవుతుందే" అన్నది. మా అమ్మాయి అప్పుడు ఏడ్చింది. వచ్చినప్పటి నుంచి ఏడవని పిల్ల.

దీపావళి దాటాక మరమగ్గాలు మళ్ళీ మోగుతున్నాయని తెలిసి లింబాయత్ వెళ్ళాము. వాకిట్లోనే నిలబడిపోయాము. అతని భార్య "లోపటికి రా అక్కా" అంటూ చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆ రాత్రి నవజీవన్‌లో ఎలాగో చోటు దొరికిందట. ఊళ్ళో వాళ్ళను వారం రోజులు బడిలో ఉంచారట.

"అన్నమైతే పెట్టిన్రు సారూ" అన్నాడు నవ్వుతూ. "మీరిచ్చిన గోలీలల్ల సగం రైల్ల పక్కాయనకు ఇచ్చిన. ఆయనకు చిన్న పిల్ల ఉండె."

సగం మోతాదుతో ఎవరికీ పూర్తి రక్షణ ఉండదని డాక్టర్లు చెబుతారు. అతనికి ఆ సంగతి తెలియదు. పక్కవాడి చేతిలో మందు లేదన్నది తెలుసు. మేము మాట్లాడలేకపోయాము. క్షమించమని అడగడానికి ఎంతో కూడబలుక్కుని వెళ్ళాము గాని, అతడు అసలు ఆ ప్రస్తావనే రానివ్వలేదు.

1995లో ఎస్.ఆర్.రావుగారు నగరపాలక కమీషనరుగా వచ్చి, అధికారులను ప్రతి ఉదయం వీధులలోకి పంపి, ఆ మురికి సూరతును దేశంలోని పరిశుభ్రమైన నగరాలలో ఒకటిగా మార్చిన కథ అందరూ ఎరిగినదే. లింబాయత్ కాలువలలో కూడా ఆ ఏడు నీరు పారింది. బతుకమ్మకు మమ్మల్ని పిలిచారు. తంగేడు దొరకలేదు గనుక బంతిపూలతోనే పేర్చారు. పిల్లలిద్దరూ చేతులు పట్టుకుని తిరిగారు.

ఆ పై ఆదివారం వారిని భోజనానికి రమ్మన్నాము. గేటు దగ్గర ముందుగానే వెళ్ళి నిలబడి, కాపలాదారు పుస్తకంలో నలుగురి పేర్లూ మేమే రాయించాము.