సున్నిపిండి, ఫేస్‌వాష్, కాస్త ఎండ

ట్యూబు నిండా ఆకుపచ్చ రంగు, కలబంద మట్ట బొమ్మ, పెద్ద అక్షరాల్లో ‘నేచురల్’. ఇలాంటి ఫేస్‌వాష్ ఏది కనిపించినా నేను ముందు వెనక్కి తిప్పుతాను. పదార్థాల జాబితా మామూలుగా ఎక్కువ ఉన్నదానితో మొదలై తక్కువ ఉన్నదానితో ముగుస్తుంది. కలబంద అట్టడుగున, సెంటు పక్కన కూర్చుని ఉంటే ఇక ఆ బొమ్మకి అర్థం ఏముంది? అమెరికా ఎఫ్‌డీఏ కూడా సౌందర్య సాధనాల విషయంలో ‘నేచురల్’కి చట్టపరమైన నిర్వచనం ఏదీ ఇవ్వలేదు. ‘క్లీన్’ సంగతి సరే సరి!

అలాగని పెరట్లో దొరికేదంతా అమృతమూ కాదు. మన సున్నిపిండే చూడండి. పెసలు, పసుపు, కచ్చూరాలు, బావంచాలు. జిడ్డు తీస్తుంది, సెంటు గొడవ లేదు, ప్లాస్టిక్ సీసా లేదు. నాకిష్టం కూడా. కానీ బావంచాల్లో సొరాలెన్ అనే పదార్థం ఉంది. అది ఒంటికి అంటుకుని ఉండగా ఎండలోకి వెళ్తే చర్మం కమిలిపోవచ్చు. బొల్లి వైద్యంలో దాన్ని వాడేదీ ఆ గుణం వల్లే. నిమ్మరసం మొహానికి రాసుకుని డాబా ఎక్కేవాళ్లకూ ఇదే ప్రమాదం. పైగా అది చర్మం కన్నా చాలా పుల్లన, మంట వేరే.

ఇక పసుపు. మెరిసిపోయే రంగు కోసం సీసం ఉండే లెడ్ క్రోమేట్ కల్తీ చేసేవాళ్లున్నారు. కాబట్టి మరీ మెరవని కొమ్ములు కొని ఆడించుకోవడం మేలు.

కొత్తది ఏదైనా, అమ్మమ్మ చెప్పిందైనా సరే, మోచేతి లోపలివైపు కాస్త రాసి ఒకట్రెండు రోజులు చూడండి. ఎర్రబడితే మానేయండి.