తీసిన చీటీ మళ్లీ డబ్బాలో వేయొద్దు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే, నేను చేసిన ఒక తప్పు గురించే రాయాలనిపించింది.

గత ఏడాది మన తాడ్వాయి హాస్టల్ పిల్లలకు నిజాంసాగర్ చూపించాలనుకున్నాం. పిల్లలు 60 మంది. దొరికిన బండిలో 20 సీట్లే. "చీటీలెందుకు? కంప్యూటర్‌తో తీద్దాం, పక్షపాతం ఉండదు" అని గొప్పగా చెప్పాను. పైథాన్‌లో రాండింట్ అనే ఫంక్షన్‌తో 1 నుంచి 60 లోపు నంబర్లు 20 సార్లు తీశాను. చదువుతుంటే ఏడో తరగతి తమ్ముడొకడు లేచి, "అన్నా, నా నంబర్ రెండుసార్లొచ్చింది. నాకు రెండు సీట్లా?" అన్నాడు. అందరూ నవ్వారు. లెక్కపెడితే 17 మందే ఉన్నారు. ఆ సిగ్గులో మిగిలిన 3 సీట్లకు మా ఊరి పిల్లల పేర్లు రాసేశాను.

రాత్రి నిద్ర పట్టలేదు. అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. అమ్మ బడికి పోలేదు, బీడీలు చేస్తుంది. వాడకట్టు ఆడవాళ్ల చిట్టీలో ఎన్నో ఏళ్లుగా ఉంది. "చిట్టి ఎత్తుకున్నోళ్ల పేరు మళ్ల డబ్బల ఏస్తరా బిడ్డా?" అంది.

నా తప్పు సరిగ్గా అదే. రాండింట్‌కు ఇంతకుముందు ఏ నంబర్ తీసిందో గుర్తుండదు. 60లో 20 సార్లు అలా తీస్తే నూటికి 97 సార్లు ఏదో ఒక నంబర్ మళ్లీ వస్తుంది. సగటున 17 వేర్వేరు నంబర్లే దొరుకుతాయి. మళ్లీ వచ్చినదాన్ని వదిలేసి ఇంకోటి తీసినా న్యాయమే. కానీ 60 మందికీ వరుస నిర్ణయించాలంటే సగటున 281 సార్లు తీయాలి.

అమ్మ చెప్పిన పద్ధతినే 1938లో ఫిషర్, యేట్స్ తమ పుస్తకంలో వివరించారు. 1964లో డర్‌స్టెన్‌ఫెల్డ్ దాన్ని కంప్యూటర్‌కు అనువుగా మలిచాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన సి.ఆర్. రావు గారు కేంబ్రిడ్జిలో డాక్టరేట్ చేసింది ఈ ఫిషర్ దగ్గరే. పద్ధతి సులభం. 60 నంబర్లను వరుసగా పెట్టి, ఒక స్థానాన్ని యాదృచ్ఛికంగా ఎంచి, అక్కడి నంబర్‌ను చివరిదానితో మార్చాలి. తర్వాత మొదటి 59లోంచే ఎంచాలి. ఇలా 20 సార్లు చేస్తే చాలు. పైథాన్‌లో శాంపుల్ అనే ఫంక్షన్ నంబర్లు తిరిగి రాకుండా తీసిస్తుంది. దానికి రేంజ్ ఇచ్చేటప్పుడు 1, 61 అని రాయాలి. 60 అని రాస్తే 60వ నంబర్ పిల్లవాడికి అవకాశమే ఉండదు.

మరునాడు అందరి ముందు తప్పు ఒప్పుకున్నాను. ఆ 17 మంది సీట్లు వాళ్లకే ఉంచి, మిగిలిన 43 మందిలోంచి 3 నంబర్లు తీశాను. మా ఊరి ముగ్గురిలో ఒక్కడికే వచ్చింది. మిగతా ఇద్దరూ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

తమ్ముళ్లూ, ఆ రోజు కంప్యూటర్ పక్షపాతం చూపలేదు, నేను చూపాను. రేపు మీరూ ప్రోగ్రాములు రాస్తారు. ప్రతి నంబర్ వెనుక బండెక్కాలని ఎదురుచూసే ఒక పిల్లవాడు ఉంటాడని మరవకండి.

ఇట్లు,
మీ అన్న, ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి