గేటు ఒకటే చాలండీ!

ఏమండీ, మీ ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఏదైనా మూలన పడుందా? పాత సామాన్లవాడికి వేసేయకండి బాబూ. ర్యామ్ కాస్త పెంచి, ఇంకో నెట్‌వర్క్ కార్డు గుచ్చి, ప్రాక్స్‌మాక్స్ ఎక్కించి చూడండి. ఒక్క పెట్టెలో నాలుగైదు కంప్యూటర్లు హాయిగా కాపురం చేస్తాయి. మా సైనిక్‌పురిలో రిటైరైన పెద్దవాళ్లకి మొక్కల పిచ్చి, నాకు ఈ పిచ్చి. వాళ్ల ఎరువు వాసన గురించి నేను మాట్లాడను, నా ఫ్యాన్ల రొద గురించి వాళ్లూ మాట్లాడరు.

అయినా ఈ చుట్టుపక్కల ఈ పిచ్చి కొత్తదేం కాదు. 1967లో పుట్టిన ఈసీఐఎల్ ఎక్కడనుకున్నారు? ఇదిగో, ఇక్కడే. 1970ల్లోనే టీడీసీ-312, టీడీసీ-316 అంటూ కంప్యూటర్లు చేసిన సంస్థ అది. దాన్ని నిలబెట్టిన ఏ.ఎస్. రావు గారి పేరే పక్కనున్న ఏఎస్ రావు నగర్‌ది. ఇప్పుడక్కడికి షాపింగుకి వెళ్లేవాళ్లలో ఎంతమందికి ఆ సంగతి గుర్తుంటుందో!

సరే, అసలు కబురు. సర్వర్‌లో రెండు కార్డులుంటాయి కదా. ఒకటి మేనేజ్‌మెంట్‌కి. అంటే మనం బ్రౌజర్‌లో తెరిచి మీటలు నొక్కేది. రెండోది స్టోరేజీకి. వర్చువల్ మెషీన్ల డిస్కులన్నీ పక్కనున్న నాస్ పెట్టెలో (నెట్‌వర్క్ మీద డిస్కులు పంచే పెట్టె) ఉంటే, ఆ రాకపోకలన్నీ దీని మీదే. మొదటి కార్డుకి ఐపీ ఇచ్చారు, గేట్‌వే ఇచ్చారు. రెండోదానికీ గేట్‌వే గడి ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీ గడి కనబడితే మన చెయ్యి ఊరుకుంటుందా? ఏదో ఒకటి కొట్టేస్తాం. వెంటనే ప్రాక్స్‌మాక్స్ మొహం మీదే చెప్పేస్తుంది: డిఫాల్ట్ గేట్‌వే వీఎంబీఆర్0 మీద ఇప్పటికే ఉంది, పోవయ్యా అని. ‘పోవయ్యా’ నేను కలిపిందే లెండి. వీఎంబీఆర్0 అంటే మొదటి కార్డు మీది బ్రిడ్జి, వీఎంబీఆర్1 రెండోదాని మీదిది.

దానికెందుకంత పట్టుదల? గోడ పక్కింటావిడకి ఆవకాయ గిన్నె ఇవ్వాలనుకోండి. గేటు తీసుకుని వీధిలోకెళ్లి చుట్టూ తిరిగొస్తారా? గోడ మీంచి అందించేయరూ! నాస్, సర్వర్ ఒకే సబ్‌నెట్‌లో ఉంటే వాటి మధ్య గేట్‌వేకి పనే లేదు. ఊరు దాటాల్సిన ప్యాకెట్‌కే అది కావాలి.

నమ్మకం కుదరకపోతే షెల్‌లో ‘ఐపీ రూట్’ అని కొట్టండి. నాకు ఈ రెండు లైన్లు చూడటమంటే ఎంత ఇష్టమో! మొదటిది డిఫాల్ట్: 192.168.29.1 మీదుగా, వీఎంబీఆర్0లోంచి. జియో ఫైబర్ వాళ్లకి ఈ నంబరు చూడగానే చుట్టాన్ని చూసినట్టుంటుంది. రెండోది 10.10.10.0/24: వీఎంబీఆర్1లోంచి. దానికి ‘మీదుగా’ అన్న మాటే ఉండదు, గమనించారా? నేరుగా వెళ్లడమే. నాస్ అడ్రసు 10.10.10.5 అనుకోండి, దానికి ప్యాకెట్ బయల్దేరితే సర్వర్ ముందు ఈ రెండో లైనే పట్టుకుంటుంది. ఎందుకంటే అడ్రసుకి మరింత దగ్గరగా సరిపోయేది అదే. ఏ లైనుకీ సరిపడని వాటికే డిఫాల్ట్.

మేనేజ్‌మెంట్ గేట్‌వే మటుకు మానకండి. అప్‌డేట్లు దిగాలన్నా, ఆఫీసు నుంచి వీపీఎన్‌లో తొంగిచూడాలన్నా అదే దిక్కు.

‘మా నాస్ వేరే సబ్‌నెట్‌లో ఉందండీ’ అంటారా? అబ్బా, మీరూ సరిగ్గా అక్కడే పట్టుకుంటారే! దానికీ రెండో డిఫాల్ట్ అక్కర్లేదు. ఆ ఒక్క సబ్‌నెట్‌కి స్టాటిక్ రూట్ రాస్తే సరి. ప్రాక్స్‌మాక్స్ లాంటిదే అయిన వీఎంవేర్ ఈఎస్ఎక్స్ఐలోనూ చాలాకాలం ఇదే దారి, వీఎంకెర్నల్ కార్డులన్నిటికీ కలిపి ఉమ్మడి గేట్‌వే ఒక్కటే. ఆ ఈఎస్ఎక్స్ఐ ఉండే వీస్ఫియర్ 6.0లో, నడుస్తున్న మెషీన్లను సర్వర్ మార్చే వీమోషన్‌కి వేరు కాపురం పెట్టించారు, సొంత గేట్‌వేతో సహా. 6.5 వచ్చాక ఏ కార్డుకి ఆ కార్డు గేట్‌వే మార్చుకునే టిక్కు పెట్టె ఇచ్చారు. పెద్ద డేటాసెంటర్ల వాళ్లకి అదో వరం. మనింట్లో దేనికండీ!

పైగా స్టోరేజీని రౌటర్ గుండా తిప్పితే ఇంకో తంటా ఉంది. మన కాలనీల్లో గాలివాన వస్తే ఏమవుతుంది? కరెంటు పోతుంది. సర్వర్‌కి యూపీఎస్ ఉంటుంది, నాస్‌కి ఉంటుంది, అటక మీది రౌటర్‌ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. అది ఆరిపోగానే దాని వెనకున్న డిస్కులు మాయం. ప్రాక్స్‌మాక్స్‌లో స్టోరేజీ బొమ్మ మీద బూడిదరంగు ప్రశ్నార్థకం వేలాడుతుంది. ఈఎస్ఎక్స్ఐ మామూలుగా 140 సెకన్లు ఓపిక పట్టి, తర్వాత చేతులెత్తేస్తుంది. అదే రెండు పెట్టెల మధ్య నేరుగా కేబుల్ వేశారనుకోండి, రౌటర్ ఉన్నా పోయినా వాటికి పట్టదు.

ఆ కేబుల్‌లో జంబో ఫ్రేములు, అంటే మామూలుకన్నా పెద్ద ఫ్రేములు, కూడా పెట్టుకోవచ్చు. ఎంటీయూ 9000. రెండు వైపులా పెట్టాలి సుమా, మధ్యలో స్విచ్ ఉంటే దానికీను. పరీక్షకి పింగ్ కొట్టండి, ముక్కలు చేయొద్దని చెప్పి, సైజు 8972 ఇచ్చి. 9000 ఎందుకు ఇవ్వకూడదంటారా? ఐపీ హెడర్ 20 బైట్లు, ఐసీఎంపీ హెడర్ 8 బైట్లు తినేస్తాయి మరి. 8973 ఇచ్చి చూడండి, కదలదు. 8972కి టక్కున జవాబు. ఆ ఒక్క బైటు తేడా చూడ్డానికి నేను పనిలేకపోయినా అప్పుడప్పుడు కొట్టి చూస్తుంటాను. మీరూ కొట్టి చూడండి, ఆ 8973తోనే మొదలుపెట్టండి!