తప్పు ఫైల్లో పెట్టిన కాగితం

రాజ్యసభ సభ్యుడొకరి దగ్గర సహాయకుడిగా పనిచేసిన రోజుల్లో నా బల్ల మీద రెండు ఫైళ్ళు ఉండేవి. ఒకదాని మీద ‘దేశ భద్రత’ అనీ, రెండోదాని మీద ‘రాష్ట్రం’ అనీ స్కెచ్ పెన్నుతో నేనే రాసుకున్నాను. మొదటిదంటే నాకు ముద్దు. రెండోదాన్నిండా రైలు హాల్టులు, రోడ్లు, ఆసుపత్రి సిఫారసు ఉత్తరాలు. ఏ కాగితం ఎందులోకి పోవాలో తేల్చేది నేనే. సారుకు అంత తీరిక ఎక్కడిది?

సమావేశాలు నడిచే వారం ఎలా ఉంటుందంటే, పొద్దున 11కు సభ మొదలు. కాగితాలు సమర్పించడం అయ్యాక, సభ్యులు అత్యవసర విషయాలు లేవనెత్తే జీరో అవర్. మనిషికి మూడు నిమిషాలు. దాటితే మైకు దానంతటదే ఆగిపోతుంది, అప్పటిదాకా ఉపోద్ఘాతం చెబుతున్నవాళ్ళ ముఖాలు చూడాలి! 12కు ప్రశ్నోత్తరాలు. మంత్రి లేచి నోటితో జవాబు చెప్పే నక్షత్ర గుర్తు ప్రశ్నలు రోజుకు 15, రాతపూర్వక జవాబులకు 160. మధ్యాహ్నం నుంచి బిల్లులు. శుక్రవారం మధ్యాహ్నం ప్రైవేటు సభ్యులది. ఆ పూటకు చాలామంది విమానాశ్రయంలో ఉంటారు. శని, ఆదివారాలు పెళ్ళిళ్ళు, పరామర్శలు. సోమవారం మళ్ళీ ఢిల్లీ.

వీటన్నిటి వెనక ఎవరికీ కనబడని లెక్క ఒకటుంది. ప్రశ్న వెయ్యాలంటే 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఒక్కో శాఖకు వారంలో ఒక్కో రోజు. విదేశాంగ శాఖకు గురువారం. ఆ వారాలు జారిపోతే మళ్ళీ సమావేశాలు పెట్టేదాకా ఆగాల్సిందే. సభ గొడవలతో వాయిదా పడినా రాతపూర్వక జవాబు మాత్రం ఆగదు, ఆ రోజు కాగితాల్లో వచ్చేస్తుంది. అందుకే నాకు వాటి మీద గురి.

2018 శీతాకాల సమావేశాలు డిసెంబరు 11న మొదలయ్యాయి. ఢిల్లీలో ఎవరి నోట విన్నా ఫ్రాన్స్ నుంచి కొంటున్న రఫేల్ యుద్ధ విమానాల మాటే. నేనూ విమానం ధర ఎంతని తిప్పి తిప్పి రాసి సారు చేత సంతకం పెట్టించాను. 2008లో ఫ్రాన్స్‌తో చేసుకున్న భద్రతా ఒప్పందాన్ని చూపించి, ఆ వివరాలు బయటపెట్టలేమని ప్రభుత్వం అప్పటికే చెప్పింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే వేశాను. జవాబు రాకపోయినా ప్రశ్న వేసిన పేరు వస్తుందని ఆశ. సైన్యం దగ్గరున్న ఆయుధాల పాతదనం మీద వేసిన మరో ప్రశ్న తిరిగొచ్చింది. అందరికీ అందుబాటులో ఉన్న పత్రాల్లోని సమాచారం అడగకూడదని నిబంధన. నిజమే మరి. ఆ మార్చిలోనే రక్షణ స్థాయీ సంఘం నివేదిక వచ్చింది. ఆయుధ సామగ్రిలో 68 శాతం కాలం చెల్లిందేనని ఆర్మీ వైస్ చీఫ్ స్వయంగా సంఘానికి చెప్పిన మాట అందులో ఉంది. నేను పేపర్లలో శీర్షికలు చదివాను గానీ నివేదిక తెరిచి చూడలేదు.

ఆ హడావుడి నడుమ శ్రీకాకుళం తీరం నుంచి ఫోను. “బాబూ, మావోలు పాకిస్తానోల చేతికి చిక్కీసినారంట. మీ సారు డిల్లీలోనే ఉన్నారు గదా. ఎక్కడున్నారో, ఎలాగున్నారో కనుక్కోండి బాబూ.” వెనకాలే వాట్సాప్‌లో ఒక ఫొటో. నోటుపుస్తకంలోంచి చించిన గీతల కాగితం మీద పేర్లు, తండ్రుల పేర్లు, వయసులు, కింద బోటు నంబరు, గుజరాత్‌లోని వేరావల్‌లో ఉన్న యజమాని ఫోను నంబరు. నంబరులో ఒక అంకె కొట్టేసి పక్కన దిద్దారు. అడగాల్సినవన్నీ అందులోనే ఉన్నాయి. దాన్ని ప్రింటు తీసి ‘రాష్ట్రం’ ఫైల్లో పెట్టాను. కలెక్టరుకు ఒక ఉత్తరం, విదేశాంగ మంత్రికి ఒక ఉత్తరం రాసి సారు సంతకంతో పంపించి, నా పని అయిపోయిందనుకున్నాను.

ప్రశ్న కూడా వేశాను లెండి. కోస్ట్ గార్డు రక్షణ శాఖ కింద ఉంటుంది కాబట్టి ఆ శాఖకే. తీరప్రాంత నిఘా, 26/11 ముంబై దాడి తరువాత చేపట్టిన చర్యలు అంటూ పెద్ద పెద్ద మాటలు ముందు పేర్చి, చివరి భాగంలో ‘పట్టుబడిన మత్స్యకారుల వివరాలు’ అని ఒక్క ముక్క తగిలించాను. మత్స్యకారుల మాట విదేశాంగ శాఖది, దాన్ని అక్కడే అడగాలని చెప్పి పంపేశారు. అప్పటికి మిగిలిన గురువారాలకు గడువు దాటిపోయింది. జనవరి 9న పది శాతం రిజర్వేషన్ బిల్లుకు ఓటేసి సభ ముగిసింది.

తీరిక దొరికాక కూర్చుని వెతికితే, అదే 2008లో మే నెలలో పాకిస్తాన్‌తో కుదిరిన ఇంకో ఒప్పందం కనబడింది. ఒకరి పౌరుల్ని ఇంకొకరు పట్టుకుంటే మూడు నెలల్లోగా వాళ్ళను కలిసే అవకాశం ఆ దేశపు దౌత్య అధికారులకు ఇవ్వాలి. ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. ఫ్రాన్స్ ఒప్పందం అడ్డుపెట్టిన గోడకేసి తల బాదుకుంటూ, తలుపు తెరిచే ఈ ఒప్పందాన్ని నేను చదవనే లేదు. ‘కలిసే అవకాశం ఏ తేదీన అడిగారు, ఏ తేదీన ఇచ్చారు, ఫలానా పేర్లు జనవరి 1 జాబితాలో ఉన్నాయా’ అని అడిగితే అందులో రహస్యం ఏముంటుంది? తేదీలు చెప్పాల్సిందే. లేదా ఇంకా ఇవ్వలేదని ఒప్పుకోవాల్సిందే.

వాళ్ళు చిక్కింది నవంబరు చివర. మూడు నెలలంటే ఫిబ్రవరి చివర. బడ్జెట్ సమావేశాలు ఫిబ్రవరి 13న ముగిశాయి. మర్నాడే పుల్వామా దాడి. 26న బాలాకోట్ మీద మన వైమానిక దాడి. ఆ తరువాత ఎన్నికలు. పాకిస్తాన్ జైల్లోని కళాసీల గురించి ఎవర్ని అడగాలన్నా నాకే నోరు పెగల్లేదు. ఏప్రిల్లో సుహృద్భావం పేరుతో పాకిస్తాన్ 360 మందిని వదిలిపెడుతున్నట్లు ప్రకటించింది. మావాళ్ళు అందులో లేరు. సరైన ప్రశ్న సరైన గురువారం పడి ఉంటే ముందే విడుదలయ్యేవారని చెప్పను, అలా అనడం బడాయి. వాళ్ళు ఉన్నారో లేరో తెలియని ఆ ఇళ్ళకు ప్రభుత్వం సంతకంతో ఒక కాగితమైతే చేరేది. ఫోన్ చేసినప్పుడల్లా వాళ్ళు అడిగింది అంతే.

జూన్‌లో సభ మొదలయ్యాక పేర్ల వరసతో, ఒప్పందం నిబంధనతో ప్రశ్న మళ్ళీ రాశాను. సారు చదివి, “ఇదేదో మొదటే రాయొచ్చు కదయ్యా” అన్నారు. కోప్పడి ఉంటే బాగుండేది. మొత్తానికి 20 మంది 2020 జనవరి 6న వాఘా దాటి వచ్చారు.

వాళ్ళు జైల్లో ఉన్న ఆ ఏడాది పొడుగునా నాకు అర్థమవుతూ వచ్చింది ఇంకోటి. ముంబై దాడికి వచ్చినవాళ్ళు వాడుకున్నది కుబేర్ అనే గుజరాత్ చేపల బోటు. ఆ తరువాత సముద్రం మీద మొదటి అనుమానం మత్స్యకారుడి మీదే, గుర్తింపు కార్డులూ మొదట అతనికే. అలాంటి మనిషి కాగితం ఏ ఫైలుది? పైగా మనవాళ్ళు అరేబియా సముద్రం దాకా వెళ్ళేది సరదాకు కాదు. అంత తీరం ఉన్న జిల్లాలో అప్పటికి పెద్ద బోట్లు నిలిచే హార్బరు లేదు. వేరావల్ యజమాని ముందే అడ్వాన్సు ఇస్తాడు. ఆగస్టులో రైలెక్కితే వేసవికి గానీ తిరిగి రారు. సరిహద్దు సమస్యకు మొదలు ఊళ్ళో లేని జెట్టీ దగ్గరుంది.

జెట్టీ గురించి ఊరికే అడిగితే వచ్చే జవాబు నాకు కంఠతా వచ్చు: 12 నాటికల్ మైళ్ళ లోపల చేపల వేట రాష్ట్రానిది. అందుకని అలా అడగలేదు. మత్స్య రంగంలో మౌలిక వసతుల కోసం కేంద్రం 7,522 కోట్ల రూపాయల నిధి పెట్టింది. దానికి మంత్రివర్గం ఒప్పుకున్నది 2018 అక్టోబరులోనే, అంటే వీళ్ళు చిక్కడానికి నెల ముందు. ఆ నిధి నుంచి శ్రీకాకుళం తీరానికి ప్రతిపాదన ఏదైనా వచ్చిందా, వస్తే ఏ తేదీన, ఇప్పుడు ఎవరి దగ్గరుంది అని రాశాను. రాలేదంటే ఆ కాగితం పట్టుకుని అమరావతిలో అడగొచ్చు. వచ్చిందంటే ఢిల్లీలోనే అడగొచ్చు.